పెన్న లెక్కలూ, రిమార్కుల కాలమూ

2021 నవంబరులో నెల్లూరు దగ్గర పెన్నకొచ్చిన వరద గురించి వెతుకుతుంటే ఒక ఎక్సెల్ షీటు నా చేతికొచ్చింది. కోవూరు వైపు ఒక కాలువ తల దగ్గర రోజువారీ నీటిమట్టాలు, ఇరవై ఏళ్లవి. ఎవరు టైపు చేశారో తెలియదు, చేతులు మారి మారి వచ్చింది. అందులో నవంబరు 18, 19 తేదీలకు అంకెలున్నాయి. 20 ఎదురుగా సున్నా. 21 ఎదురుగా సున్నా. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, హైవే తెగి, నెల్లూరోళ్లు నెల్లూర్లో, కోవూరోళ్లు కోవూర్లో ఇరుక్కుపోయిన రోజులవి. ఆ రోజుల్లో కాలువలో చుక్క నీళ్లు లేవంటోంది ఆ షీటు.

మా మామ ఆ కాలువ మీదే లస్కరుగా, అంటే కాలువ చూసుకుంటూ మట్టాలు రాసే ఉద్యోగిగా, చేసి రిటైరయ్యాడు. ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. "గేజి మునిగిపోయింది అబ్బయ్యా, ఏం చూసి రాసేది? గీత కొట్టి, పక్కన రాసినా గదా."

గేజి అంటే నీటి ఎత్తు చూపే కొలబద్ద. పక్కన అంటే రిజిస్టర్లో కుడివైపు చివర ఉండే కాలమ్, రిమార్కులు. టైపు చేసినవాళ్లు అంకెల కాలమ్ ఎక్కించారు, గీతను సున్నా చేశారు, రిమార్కులు వదిలేశారు. నీటి లెక్కలన్నీ ఒకచోట దొరికేలా చేయాలని అమెరికాలో, మన దగ్గర పాతికముప్పై ఏళ్లుగా జరుగుతున్న పనిని చూస్తే, పోర్టళ్లూ సర్వర్లూ మ్యాపులూ ఎన్ని వచ్చినా, అసలు కుస్తీ అంతా ఈ చివరి కాలమ్‌తోనే అని నాకు అనిపిస్తుంది.

ముందు మన నది సంగతి. పెన్న కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప దాటి, 597 కిలోమీటర్లు నడిచి మన జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. పరీవాహకం 55 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఈ నీటిని ఎవరెవరు కొలుస్తారో చూడండి. వాన కొలిచేది వాతావరణ శాఖ (నెల్లూరు, కావలి, ఒంగోలులో వాళ్ల కేంద్రాలున్నాయి), మండల ఆఫీసులో వానమాపకం చూసి పంపే అర్థగణాంక శాఖ, ఆటోమేటిక్ స్టేషన్లు పెట్టిన రాష్ట్ర ప్రణాళిక విభాగం. నదిని కొలిచేది కేంద్ర జల సంఘం. రిజర్వాయర్లు, కాలువలు జలవనరుల శాఖవి. బోర్ల మట్టం భూగర్భజల శాఖది, అందులోనూ కేంద్రానిది వేరు, రాష్ట్రానిది వేరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసేది గ్రామీణ నీటి సరఫరా విభాగం. నీళ్లు మాత్రం ఇవేవీ తెలియకుండా వానగా పడి, పెన్న ఉపనది చెయ్యేరులో పారి, సోమశిల రిజర్వాయరులో ఆగి, కయ్యల్లోకి వచ్చి, బోర్లలోకి ఇంకుతుంటాయి.

2021లో ఇదే బయటపడింది. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నవంబరు 19 పొద్దున తెగింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు రావాలి, అక్కణ్ణుంచి మా మీదికి. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలు అవుతాయి, అంటే ఐదు లక్షల క్యూసెక్కుల ధాటికి ఖాళీ సోమశిల కూడా రెండు రోజుల్లోపే నిండిపోతుంది, అప్పుడేమో అది ఖాళీగా లేదు. ఆ రాత్రి వాట్సాప్‌లో ఒకరు క్యూసెక్కుల్లో పెడుతున్నారు, ఒకరు టీఎంసీల్లో, ఒకరు మీటర్లలో. ప్రాజెక్టు మీద పనిచేసేవాళ్లు సోమశిల నిండు మట్టం 330 అడుగులు అంటారు, కేంద్రం బులెటిన్‌లో అదే 100.58 మీటర్లు. రెండూ ఒకటే. కానీ అర్ధరాత్రి టెన్షన్‌లో ఉన్నవాడికి ఎవరు చెప్పాలి? మా వీధిలో పెద్దాయన ఒకాయన అడిగింది ఒకే ప్రశ్న, "నీళ్లు మన అరుగు ఎక్కుతాయా, ఎక్కవా?" దానికి జవాబు అన్ని ఆఫీసుల్లో ముక్కలు ముక్కలుగా ఉంది.

ఇలా ముక్కలవడానికి ఏ ఒక్కరూ కారణం కాదు. ఎవరి అవసరానికి వాళ్లు కొలుచుకుంటూ వచ్చారు, అంతే. నెల్లూరు ఆనకట్ట 1850లలో కట్టారు, పక్కన గేజి రాయి పెట్టారు, ఇంజినీర్లు దాన్ని చూసి రాసుకున్నారు. కేంద్ర జల సంఘం లెక్కల్లో నెల్లూరు దగ్గర పెన్న ఎత్తైన వరదమట్టం ఇప్పటికీ 18.70 మీటర్లు, తేదీ 1882 నవంబరు 30. నూట నలభై ఏళ్ల నాటి ఆ అంకె పక్కనే 2021 అంకె పెట్టి పోల్చేస్తుంటారు. మధ్యలో ఎన్ని మారాయి! పైన సోమశిల వచ్చింది. ఇసుక తవ్విన చోట తవ్వారు, మేట వేసిన చోట వేసింది. 2022 సెప్టెంబరులో కొత్త నెల్లూరు బ్యారేజీ, సంగం బ్యారేజీ ఒకే రోజు ప్రారంభమయ్యాయి. గేజి చూపించేది ఎత్తు మాత్రమే, ఎన్ని నీళ్లు పోతున్నాయో అది చెప్పదు. ఎత్తును ప్రవాహంగా మార్చడానికి ఒక పట్టిక ఉంటుంది, నది అడుగు మారితే ఆ పట్టిక కూడా మళ్లీ వేసుకోవాలి. ఏ ఏడు అంకె ఏ పట్టికతో లెక్కగట్టిందో రాసి లేకపోతే రెండు అంకెలు పక్కపక్కన కూర్చోబెట్టినా లాభం లేదు.

కాలం లెక్క ఇంకో తలనొప్పి. పాత రెవెన్యూ రికార్డులు ఫసలీల్లో ఉంటాయి, జులైలో మొదలై జూన్‌లో ముగుస్తాయి, 2021 వరద వచ్చింది 1431 ఫసలీలో. హైడ్రాలజీ వాళ్ల ఏడాది జూన్ నుంచి మే దాకా. ఖర్చుల లెక్క ఏప్రిల్ నుంచి. వానకు రోజంటే పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా, 18వ తేదీ రాత్రంతా కురిసిన వాన 19 ఖాతాలో పడుతుంది. మామూలు క్యాలెండర్ రోజు అనుకుని నది లెక్కతో కలిపితే వాన కంటే వరద ముందొచ్చినట్టు కనపడుతుంది. ఎవరైనా జోకులేసుకోవచ్చు గానీ, ఇలాంటి గ్రాఫులు నేను కళ్లారా చూశాను.

ఊర్ల లెక్క మరీ తమాషా. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టింది, 1972లో పేరు మారింది. కనిగిరి, పొదిలి, కందుకూరు నెల్లూరు నుంచి, ఒంగోలు గుంటూరు నుంచి, కంభం, మార్కాపురం కర్నూలు నుంచి వచ్చాయి. కాబట్టి కంభం చెరువు పాత లెక్కలు కావాలంటే కర్నూలు కట్టల్లో వెతకాలి. కందుకూర్లో ఒక పరిశీలన బావి ఉందనుకోండి, అది ఉన్నచోటే ఉండి నెల్లూరు నుంచి ప్రకాశం వెళ్లింది, 2022లో మళ్లీ నెల్లూరు వచ్చింది. దాని ప్రయాణం అక్కడితో అయిపోయిందని నేనైతే బాండు పేపరు మీద రాసివ్వను. జిల్లా పేరుతో వెతికే కంప్యూటరుకు అది ఒక్క బావి కాదు.

ఇది మన గోల మాత్రమే అనుకోకండి. అమెరికాలో ప్రభుత్వ భూగర్భ సర్వే వాళ్లు 1889లో న్యూమెక్సికోలోని ఎంబుడో దగ్గర మొదటి నదీ గేజి పెట్టారు, తర్వాత వేలల్లో పెట్టారు, అంతా ఇంటర్నెట్లో పెట్టేశారు కూడా. అయినా 2000 తర్వాత అక్కడి పరిశోధకులు మొత్తుకున్నది ఇదే. ఒక నది మీద పని చేయాలంటే ప్రవాహం ఒక సైట్లో, నీటి నాణ్యత పర్యావరణ సంస్థ సైట్లో, వాతావరణం మరో సైట్లో. ఒక్కోచోట వెతికే తీరు వేరు, ఫైలు రూపం వేరు. ఒకరు 'డిశ్చార్జ్' అంటారు, ఒకరు 'స్ట్రీమ్‌ఫ్లో' అంటారు, సర్వే వాళ్ల డేటాబేస్‌లో దాని పేరు 00060, ఒక కోడు.

మన నెల్లూరోళ్లకి ఈ బాధ ఇట్టే అర్థమవుతుంది. స్థలం కొనేటప్పుడు అంకణాల్లో మాట్లాడుకుంటాం, ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు పోతే 36. ఆ సంగతి తెలియకుండా అక్కడి అంకణం రేటూ ఇక్కడి రేటూ పోలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

2001లో అమెరికా యూనివర్సిటీలు కలిసి క్వాసీ అనే కూటమి పెట్టుకున్నాయి. టెక్సస్‌లో డేవిడ్ మెయిడ్‌మెంట్ నాయకత్వంలో, యూటా స్టేట్‌లో డేవిడ్ టార్బోటన్, జెఫ్ హార్స్‌బర్గ్ వంటివాళ్లతో ఒక జల సమాచార వ్యవస్థ కట్టడం మొదలెట్టారు. వాళ్లు తీసుకున్న నిర్ణయాల్లో నాకు బాగా నచ్చింది, అందరి డేటానూ తెచ్చి ఒకే గోదాములో పోయకపోవడం. ఎవరి డేటా వాళ్ల దగ్గరే ఉంటుంది. అడిగినప్పుడు మాత్రం అందరూ ఒకే భాషలో జవాబివ్వాలి. ఆ భాషకు వాటర్‌ఎంఎల్ అని పేరు పెట్టారు, దాని రెండో రూపం 2012లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మధ్యలో ఉండే కేంద్రం దగ్గర ఏది ఎక్కడుందో చెప్పే చిట్టా ఉంటే చాలు.

2008లో హార్స్‌బర్గ్ బృందం డేటా దాచే నమూనా ఒకటి ప్రచురించింది. అందులో ఒక్క అంకె ఎక్కించాలంటే దాని వెంట బోలెడు వివరాలు ఉండాలి: ఎక్కడ కొలిచారు, ఏ పద్ధతిలో, ఏ యూనిట్‌లో, ఎవరు, ఏ సమయమండలంలో, సరిచూసిందా పచ్చిదా, అనుమానం ఉంటే ఏమిటా అనుమానం. పేర్లు కూడా ఇష్టమొచ్చినట్టు రాయకూడదు, ముందే ఒప్పుకున్న పదాల జాబితాలోంచి ఎంచుకోవాలి. చదువుతుంటే నాకు మామ రిజిస్టరే గుర్తొచ్చింది. రిమార్కుల కాలమ్‌ని ముక్కలుగా విడగొట్టి, ఖాళీగా వదలడానికి వీల్లేకుండా చేశారు, అంతే.

మన దేశంలో ఇదే దారి 1995లో మొదలైంది. ప్రపంచ బ్యాంకు అప్పుతో, డచ్ నిపుణుల సాయంతో హైడ్రాలజీ ప్రాజెక్టు వచ్చింది, దక్షిణ, పశ్చిమ రాష్ట్రాలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. కాగితాల మీది గేజి లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కడం పెద్ద ఎత్తున మొదలైంది అప్పుడే. రెండో దశ 2006 నుంచి 2014 దాకా. మధ్యలో ఇస్రో, కేంద్ర జల సంఘం కలిసి దేశంలోని నీటి వనరుల సమాచారం చూపే ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్ పోర్టల్ పెట్టాయి. 2016లో జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టు, సుమారు 3,680 కోట్ల రూపాయలతో, ఈసారి దేశమంతటికీ. 2018లో జాతీయ జల సమాచార కేంద్రం. మన రాష్ట్రం సొంతంగా ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్ అనే పోర్టల్ పెట్టుకుంది, వానా చెరువులూ రిజర్వాయర్లూ భూగర్భజలాలూ ఒకే తెర మీద, భూగర్భజల మట్టం కొలిచే వెయ్యికి పైగా పీజోమీటర్ల నుంచి టెలిమెట్రీతో, అంటే మనిషి వెళ్లకుండానే, మట్టాలు. ఇది చిన్న పనేం కాదు, ఒకప్పుడు ఒక అంకె కోసం మూడు ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి నేను.

అయితే ఈ చరిత్ర చెప్పేటప్పుడు పశ్చిమ ప్రకాశం రైతుల్ని అందరూ మర్చిపోతారు, నాకు కోపం వచ్చేది అక్కడే. 2003 నుంచి 2010 దాకా నెదర్లాండ్స్ డబ్బుతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా, రైతులే నడిపే భూగర్భజల పథకం ఒకటి నడిచింది. ఏడు కరువు జిల్లాల్లో ప్రకాశం ఒకటి. పథకం మొత్తమ్మీద రెండు వేలకు పైగా పరిశీలన బావులు, వాటి మట్టం పదిహేను రోజులకోసారి కొలిచింది రైతులు, ఆడవాళ్లు కూడా. రోజూ వాన కొలిచి ఊరి గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలోకి ఎన్ని నీళ్లు దిగాయి, అనుకున్న పంటలన్నీ వేస్తే ఎన్ని కావాలి అని లెక్క వేసుకునేవాళ్లు. ఎవర్నీ వరి వేయొద్దనలేదు, లెక్క చూశాక ఎవరికి తోచింది వాళ్లు వేశారు. కొలిచినవాడు, లెక్కగట్టినవాడు, దాన్ని బట్టి విత్తనం కొన్నవాడు ఒక్కడే అయినప్పుడు రిమార్కులు పోవు, అవి అతని తలలోనే ఉంటాయి. డ్యాష్‌బోర్డుల కాలానికి ముందే, సున్నంగోడ మీద, రంగు బ్రష్షుతో నడిచిన ఉమ్మడి సమాచార వ్యవస్థ అది.

ఫ్లోరైడ్ లెక్క కూడా అదే ప్రాంతానిది. దేశంలో ఫ్లోరోసిస్‌ని, అంటే ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లతో పళ్లు, ఎముకలు చెడే జబ్బుని, మొదట గుర్తించి 1937లో శాస్త్రీయంగా రాసింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. అన్నేళ్ల తర్వాత కూడా బోరు లోతు ఒక శాఖ దగ్గర, ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మరో శాఖ దగ్గర, రెండింటికీ కలిపి ఒకే నంబరు లేకపోతే మట్టం పడిపోయే కొద్దీ విషం పెరుగుతోందా లేదా అని ఎవరైనా ఎలా చూస్తారు?

గుండ్లకమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. మద్దిపాడు మండలంలోని ఈ రిజర్వాయరు 3.86 టీఎంసీలది. 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోయి నీళ్లు సముద్రం పాలయ్యాయి, 2023 డిసెంబరులో తుపాను తర్వాత ఇంకో గేటు పోయింది. రేపు పాతికేళ్లకి ఎవరో పరిశోధకుడు నీటి నిల్వ గ్రాఫు మాత్రమే దింపుకుని చూస్తే, గీత నిట్టనిలువుగా కిందికి పడి ఉంటుంది. ఆయకట్టుకు ధారాళంగా నీళ్లిచ్చారని రాసుకుంటాడు. గేటు పోయిందని చెప్పే నాలుగు మాటలు ఆ అంకె పక్కన ఎవరో పెట్టాలి.

మామ ఇంట్లో సొంతంగా రాసుకున్న నకలు పుస్తకాలున్నాయి, అట్టలు ఊడిపోయినవి. సెలవుల్లో వెళ్లి రిమార్కుల కాలమ్ ఒక్కటీ టైపు చేస్తున్నాను. 'కాలువ కట్టేశారు', 'తూటికాడ అడ్డం, మట్టం ఎక్కువ చూపింది', 'గేజికి రంగు వేశారు, అంగుళం తేడా'. ఒక అక్టోబరు రోజున వాన కొలత పక్కన ఒకే మాట ఉంది: 'కప్ప'. అడిగాను.

"వానమాపకం గరాటు మూతికి అడ్డం పడుకోనుండాదిరా. నీళ్లు లోపలికి దిగలా, పైనుంచి పొర్లిపోయినాయి. ఆ రోజు చానా పెద్ద వాన. పుస్తకంలో మాత్రం రెండు మిల్లీమీటర్లు."