ఎండలో గెలిచే క్యాలిక్యులేటర్

మే నెల మధ్యాహ్నం తిరుపతి గాంధీ రోడ్డులో ఫోన్ చూడాలంటే అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలి. బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచినా అంతంతమాత్రమే. పక్కనే తోపుడుబండి మీద పండ్లమ్మే ఆవిడ క్యాలిక్యులేటర్‌లో అంకెలు మాత్రం ఎండ ముదిరేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తాయి. ఫోన్‌ది ఎల్‌సీడీ (లిక్విడ్ క్రిస్టల్ డిస్‌ప్లే) తెర అయితే రెండింట్లోనూ ఉన్నది ఒకే జాతి పదార్థం. తేడా అల్లా వెలుగు ఎటునుంచి వస్తుందన్నదే.

ఎల్‌సీడీ తనంతట తాను వెలగదు. రెండు గాజు పలకల మధ్య కొన్ని మైక్రాన్ల సందులో లిక్విడ్ క్రిస్టల్ ఉంటుంది. ద్రవంలా పారుతుంది గానీ, దాని పొడవాటి అణువులు ఇంచుమించు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. (1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తన దగ్గరి పదార్థం 145.5 డిగ్రీల దగ్గర మసకగా కరిగి, 178.5 దగ్గర తేటపడటం చూశాడు. ఆ మసక ద్రవమే లిక్విడ్ క్రిస్టల్. కథ అక్కడ మొదలైంది.)

పై పలక దగ్గర అణువులు ఒక దిక్కుకు ఉంటే, కింది పలక దగ్గర దానికి అడ్డంగా ఉంటాయి. మధ్యలో వరసలు మెలి తిరుగుతూ దిగుతాయి. పలకలకు బయట రెండు పోలరైజర్లు, అంటే ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే పొరలు, అవీ ఒకదానికొకటి అడ్డంగానే. మొదటిది దాటిన వెలుగును రెండోది ఆపేయాలి. కానీ అణువుల మెలిక ఆ వెలుగు కంపించే దిశను 90 డిగ్రీలు తిప్పేస్తుంది కాబట్టి దాటిపోతుంది. రెండు మూడు వోల్టులు పెడితే అణువులు నిటారుగా లేచి నిలబడతాయి. మెలిక పోతుంది, అక్కడ నలుపు. వెలుగు పుట్టించే పని లేదు గనుకే చిన్న సోలార్ ముక్కతో క్యాలిక్యులేటర్ నడుస్తుంది.

దాంట్లో అడుగున వెలుగును వెనక్కి కొట్టే రేకు ఉంటుంది. లోపలికెళ్లిన ఎండే తిరిగొస్తుంది, అంటే మెలికను రెండుసార్లు దాటుతుంది. ఒక దాటులో సగం వెలుగు పోయే వోల్టేజి దగ్గర, రెండు దాట్లకు మిగిలేది పావే. అందుకే వోల్టేజి పెంచుతుంటే నలుపు త్వరగా కమ్ముకుంటుంది. రేకు గాజు వెనకాల ఉండటంతో అంకె పక్కన సన్నటి నీడ కూడా పడుతుంది, గమనించండి.

ఫోన్‌లో దీపం వెనకుంటుంది. పోలరైజర్లు, రంగు ఫిల్టర్లు మింగగా బయటికొచ్చేది పదో వంతు కూడా ఉండదు. పై గాజు మీద పడి తిరిగొచ్చే ఎండ దాన్ని తేలిగ్గా ముంచేస్తుంది. రేణిగుంట దగ్గర బిగించే ఎల్‌ఈడీ టీవీలూ ఇంతే: దీపాలు ఎల్‌ఈడీలు, ముందున్న తెర ఎల్‌సీడీ.

మరి ఫోన్‌కూ రేకే పెట్టొచ్చు కదా? రంగు ఫిల్టర్‌ను కూడా వెలుగు రెండుసార్లు దాటాలి, బొమ్మ వెలవెలబోతుంది. రేకును సగం పారదర్శకంగా చేసి వెనక దీపం పెట్టే పద్ధతీ ఉంది. పగలు ఎండతో, రాత్రి దీపంతో పనిచేస్తుంది. రెండు పనులూ ఓ మోస్తరుగానే చేస్తుంది, కానీ ఆరుబయట వాడే మీటర్లకు అది చాలు.