నొప్పి ఒకటి, దానితో పోట్లాట ఇంకొకటి

ధ్యానం నేర్పేవాళ్లు ‘మీ నొప్పిని గమనించండి’ అంటే ఏళ్ల తరబడి నడుం నొప్పితో బాధపడేవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఇరవై నాలుగు గంటలూ వాళ్లు చేస్తున్నది అదేగా! కానీ వాళ్లు చూస్తున్నది నొప్పినేనా అన్నదే ప్రశ్న.

కుర్చీలోంచి లేవబోతుంటే నడుంలో చురుక్కుమంటుంది. అది రెండు సెకన్ల పని. ఆ వెంటే పళ్లు బిగుసుకుంటాయి, ఊపిరి ఆగుతుంది, భుజాలు పైకి లేస్తాయి. ‘మళ్లీ మొదలైంది. రేపు పనికి వెళ్లగలనా? ఇది ఇక తగ్గదేమో’. చురుకు పోయినా ఈ టెన్షన్ సాయంత్రం దాకా వదలదు. గోరుచుట్టు మీద రోకలి పోటంటే ఇదే. కాకపోతే ఇక్కడ రోకలి మన చేతిలోనే ఉంటుంది. కావాలని పట్టుకున్నది కాదు, అలవాటుగా చేతికొచ్చింది. బౌద్ధుల సల్ల సుత్తం అనే బోధలో ఇదే సంగతి రెండు బాణాల పోలికగా ఉంది: మొదటి బాణం ఒంటికి, రెండోది మనసుకు.

అలాగని ‘నొప్పంతా నీ మనసులోనే ఉంది’ అనడం తప్పు, అన్యాయం కూడా. 3 నెలలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఒక్కోసారి గాయం మానినా నాడులు శాంతించవు. చిన్న ఒత్తిడికే పెద్దగా కేకలు పెడతాయి. స్కానింగ్‌లో ఏమీ కనిపించనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. ఆ సంకేతాలు మెదడుకు చేరేలోపే వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు వాటిని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది అని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. వివరాలు తర్వాత చాలా మారాయి గానీ, భయం, ధ్యాస కూడా నొప్పి తీవ్రతను మారుస్తాయన్న మాట నిలబడింది.

అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే మాలిక్యులర్ బయాలజిస్టు 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కేంద్రంలో మైండ్‌ఫుల్‌నెస్ (జరుగుతున్నదాన్ని మంచీ చెడూ అనకుండా గమనించడం) శిక్షణ మొదలుపెట్టారు. మామూలు చికిత్సతో పెద్దగా గుణం కనిపించని రోగులు చాలామంది అక్కడికి వచ్చేవారు. అందులో ముఖ్యమైన సాధన బాడీ స్కాన్: పడుకుని, కాలి వేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెడుతూ పోవడం. నొప్పి ఉన్న మోకాలి దగ్గరికి వచ్చినప్పుడు దాటిపోకూడదు, పోట్లాడకూడదు. మంటా, పోటా, లాగుతోందా? అంచు ఎక్కడ? అలా చూస్తే ‘మోకాలి నొప్పి’ అనే ఒకే ముద్ద విడిపోతుంది. కాసేపు మంట, కాసేపు బిగువు, మధ్యలో ఏమీ లేని క్షణాలు. మొదట్లో నొప్పి పెరిగినట్టు అనిపించడం మామూలే. చాలామంది మానేసేది అక్కడే.

2011లో ఫడెల్ జీదాన్ అనే పరిశోధకుడి బృందం 15 మంది ఆరోగ్యవంతుల పిక్కకు 49 డిగ్రీల వేడి తగిలించి చూసింది. రోజుకు 20 నిమిషాల చొప్పున 4 రోజుల ధ్యాన శిక్షణ తర్వాత, ధ్యానం చేస్తుండగా నొప్పి తీవ్రత 40 శాతం తగ్గింది. దాని వల్ల కలిగే బాధ మాత్రం 57 శాతం తగ్గింది. ఈ తేడాయే నాకు ఆసక్తిగా అనిపిస్తుంది: నొప్పి కన్నా దానితో పోట్లాట ఎక్కువగా సడలింది.

అయితే ప్రయోగశాలలో కాసేపు తగిలే వేడి వేరు, పదేళ్ల నడుం నొప్పి వేరు. 2016లో 342 మంది నడుం నొప్పి రోగులతో చేసిన అధ్యయనంలో లాభం అంత పెద్దదిగా లేదు. 26 వారాలకు రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది మైండ్‌ఫుల్‌నెస్ నేర్చుకున్నవాళ్లలో సుమారు 61 శాతానికి, మామూలు చికిత్సతోనే ఉన్నవాళ్లలో 44 శాతానికి. ఆలోచనల తీరు మార్చే సీబీటీ చికిత్స తీసుకున్నవాళ్లలో అది 58 శాతం, అంటే దాదాపు సమానం. కాబట్టి ఇదేదో అద్భుతమని అమ్మజూపేవాళ్లను నమ్మనక్కర్లేదు. నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా, మూత్రం అదుపు తప్పినా ధ్యానం కాదు, వెంటనే డాక్టరు కావాలి.

ఇక సాధన మొదలుపెట్టిన ఐదో నిమిషంలోనే ‘తగ్గిందా?’ అని లోపల ఒక గొంతు అడుగుతుంది. మోకాలి మంటను చూసినట్టే ఆ ప్రశ్ననూ చూసి వదిలేయాలి. మళ్లీ అడుగుతుంది. మళ్లీ వదిలేయాలి.