గ్లామ్స్ కోట దెయ్యం ఎవరు?

స్కాట్లండ్‌లోని అంగస్ ప్రాంతంలో ఉన్న గ్లామ్స్ కోటకి దెయ్యం కథలకి కొదవలేదు. రహస్య గదిలో సైతానుతో పేకాడే ప్రభువు, లోకానికి చూపించకుండా దాచేసిన వికృత శిశువు, ఇలా ఎన్నో. వాటిలో నన్ను పట్టి వదలనిది బూడిదరంగు బట్టల్లో కనిపించే ఆవిడ కథ. కోటలోని చిన్న చర్చిలో మోకరిల్లి ప్రార్థన చేసుకుంటుందట. ఆమె కోసం అక్కడ ఒక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. ఆమె ఒకప్పటి ఈ కోట దొరసాని జేనెట్ డగ్లస్ అని, మంత్రగత్తె అని తగలబెట్టారని చెప్తారు.

తగలబెట్టింది నిజమే, 1537 జులై 17న, ఎడింబరోలో. మంత్రగత్తె అన్నది మాత్రం తప్పు. ఆమె మీద మోపింది రాజు ఐదో జేమ్స్‌కి విషం పెట్టాలని కుట్ర పన్నిందన్న నేరం. మంత్రవిద్యకు మరణశిక్ష వేసే చట్టం స్కాట్లండ్‌లో వచ్చిందే 1563లో, అంటే ఆమె పోయిన 26 ఏళ్లకి. ఆ చట్టం 1736 దాకా నడిచింది. దాదాపు 3,800 మంది మీద ఆరోపణలు వచ్చాయి, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అన్ని మంటలు చూసిన సమాజానికి, మంటల్లో పోయిన ఆడది అంటే మంత్రగత్తే అనిపించడంలో వింత లేదు.

ఇంకో సంగతి. ఇప్పుడున్న చర్చి రూపుదిద్దుకున్నది 1688లో. డచ్ చిత్రకారుడు జేకబ్ డి వెట్ గోడల మీదా కప్పు మీదా పలకలకి బొమ్మలు వేశాడు. తోటమాలిలా టోపీ పెట్టుకున్న క్రీస్తు బొమ్మ వాటిలో ఒకటి. ఆ బొమ్మలేవీ జేనెట్ కంట పడలేదు.

మరి చూశామన్నవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? నేనలా అనుకోను. సైకాలజిస్ట్ రిచర్డ్ వైజ్‌మన్ బృందం ఎడింబరో సౌత్ బ్రిడ్జ్ కింద ఉన్న రాతి గదుల్లోకి జనాన్ని పంపి పరీక్షించింది. 2003లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, దెయ్యాలున్నాయని పేరుపడ్డ గదుల్లోనే ఎక్కువమందికి వింత అనుభవాలు కలిగాయి. ఏ గదికి ఆ పేరుందో ముందే తెలిసి ఉండటం దానికి కారణం కాదని తేలింది. వెలుతురు, గది సైజు లాంటి వాటితో ఆ అనుభవాలకి సంబంధం కనిపించింది. ఒళ్లు జలదరించడం నిజం. దానికి కారణం గదిలోనే ఉండొచ్చు. పేరు పెట్టేది మాత్రం మనం విన్న కథ.

ఆ కథలోంచి రాజకీయం జారిపోవడమే నాకు బాధ. జేనెట్ అన్న, అంగస్ ప్రభువు ఆర్చిబాల్డ్ డగ్లస్, రాజుకి మారుతండ్రి. కుర్రాడైన రాజుని తన గుప్పిట్లో పెట్టుకుని పెత్తనం చేశాడు. 1528లో తప్పించుకున్న జేమ్స్ ఆ వంశాన్ని ఎప్పటికీ క్షమించలేదు. జేనెట్‌ని చంపించి, గ్లామ్స్ కోటని తనే తీసుకున్నాడు. ఆమె కొడుకు జాన్‌కీ మరణశిక్ష పడింది. మైనర్ కాబట్టి, వయసొచ్చేదాకా జైల్లో ఉంచారు. 1542లో రాజే చనిపోవడంతో బతికి బయటపడ్డాడు. తర్వాత పార్లమెంటు అతని ఆస్తిని తిరిగి ఇచ్చింది, కోటతో సహా.