లోహానికి చాలని వేడి

ఏ ఎలక్ట్రానిక్ పరికరాన్ని విప్పినా కనిపించే ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు తీసివేతతో తయారవుతుంది. ఎపాక్సీ పట్టించిన ఫైబర్‌గ్లాస్ పలక మీద నిండా రాగిరేకు అతికిస్తారు. దాని మందం సాధారణంగా 35 మైక్రాన్లు. కావలసిన గీతల మీద పూత పూసి, మిగతా రాగినంతా ఫెర్రిక్ క్లోరైడ్ వంటి రసాయనంలో కరిగించేస్తారు. ఇంత రాగిని పరిచి, అందులో చాలా భాగాన్ని కడిగేయడం ఎందుకు, అవసరమైన చోటే లోహాన్ని గీస్తే పోదా? ఈ ఆలోచనలోంచి పుట్టినవే బల్ల మీద పట్టే సర్క్యూట్ ప్రింటర్లు. ఒక నాజిల్ ప్లాస్టిక్‌ను పోస్తూ ఉంటే, మరొకటి కరెంటు పారే పదార్థాన్ని గీస్తుంది.

చిక్కంతా ఆ రెండో పదార్థంతోనే.

ముందుగా ఎవరికైనా తోచేది ప్లాస్టిక్‌లోనే కార్బన్ పొడి కలపడం. అలాంటి ఫిలమెంట్లు (ప్రింటర్ కరిగించి పోసే ప్లాస్టిక్ తీగలు) దొరుకుతున్నాయి, మామూలు 3డీ ప్రింటర్‌లోనూ నడుస్తాయి. కానీ లెక్క వేసి చూడండి. పది సెంటీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు ఉన్న మామూలు బోర్డు గీత నిరోధం ఓమ్‌లో ఇరవయ్యో వంతు. కార్బన్ ఫిలమెంట్‌తో అదే గీతను ఒక మిల్లీమీటరు ఎత్తున, అంటే ఎంతో మందంగా పోసినా, దాని నిరోధం సుమారు 15 వేల ఓమ్‌లు ఉంటుంది. అయిదు వోల్టులిచ్చి ఎర్ర ఎల్‌ఈడీ తగిలిస్తే 0.2 మిల్లీ ఆంపియర్లు పారతాయి. అది వెలిగిందో లేదో చేయి అడ్డుపెట్టి చూసుకోవాలి. వేలి స్పర్శను గుర్తించే మీటలకు ఇది సరిపోతుంది గానీ, దీన్ని తీగ అనడం కంటే రెసిస్టర్ అనడమే న్యాయం.

అసలైన లోహాన్నే పోద్దామంటే వేడి అడ్డొస్తుంది. వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఇక్కడ ఆదుకునేది నానో కణాల స్వభావం. కుప్పగా పడిన వడగళ్లు పూర్తిగా కరగకుండానే ఒకదానికొకటి అతుక్కున్నట్టు, నానోమీటర్ల పరిమాణంలోని వెండి రేణువులు 150 డిగ్రీల ప్రాంతంలోనే కలిసిపోయి గీతగా మారతాయి. చౌకైన రాగి ఉండగా వెండి దేనికంటే, అంత సన్నని రాగి రేణువులు గాలి తగిలితే ఇట్టే ఆక్సైడ్ పట్టి, కరెంటును అడ్డుకుంటాయి.

ఆ 150 డిగ్రీలను కూడా పీఎల్‌ఏ తట్టుకోలేదు. 2015లో రెండు సంస్థలు ఈ చిక్కును చెరో దారిన దాటాయి. హార్వర్డ్ శాస్త్రవేత్త జెన్నిఫర్ లూయిస్ పరిశోధనల్లోంచి వచ్చిన వాక్సెల్8, గది ఉష్ణోగ్రతలోనే ఆరిపోయే వెండి సిరాను పీఎల్‌ఏ పక్కన గీసి, చిన్న డ్రోన్‌ను తయారుచేసి చూపించింది. మధ్యలో ప్రింటింగ్ ఆపి మోటార్లు, చిప్పులు లోపల అమర్చాల్సి వచ్చేది. కెనడాకు చెందిన వోల్టెరా అసలు ప్లాస్టిక్ జోలికే పోలేదు. ఉన్న ఫైబర్‌గ్లాస్ పలక మీద వెండిని గీసి, వేడిచేసి గట్టిపరిచింది. పనిచేసే బోర్డు త్వరగా చేతికి రావాలంటే నా ఓటు ఈ రెండో పద్ధతికే.

గీత బాగా వచ్చినా, చిప్పు కాళ్లను అతికించేటప్పుడు మరో ఉపద్రవం ఉంది. సీసం, తగరం కలిసిన మామూలు టంకం 183 డిగ్రీలకు కరుగుతుంది. తగరం, బిస్మత్ మిశ్రమమైతే 138 చాలు, అయినా పీఎల్‌ఏకు అది ఎక్కువే. పైగా కరిగిన తగరం వెండిని తనలోకి లాగేసుకుంటుంది. అతుకు మెరుస్తూ బాగానే కనిపిస్తుంది, దాని కింద ఉండాల్సిన సన్నని గీత మాత్రం తగరంలో కలిసిపోయి ఉంటుంది. అందుకే చాలా చోట్ల టంకానికి బదులు, కరెంటు పారే జిగురు వాడతారు.

ఇన్ని పాట్లు పడేది చదునైన బోర్డు కోసమైతే అనవసరం. ఫ్యాక్టరీలు దాన్ని ఇంతకంటే చౌకగా, మెరుగ్గా చేస్తాయి. వంపు తిరిగిన గోడ లోపల తీగలు దాచాల్సి వచ్చినప్పుడు ఈ యంత్రాల విలువ తెలుస్తుంది.

2024లో ఎంఐటీ పరిశోధకులు ఇంకో అడుగు వేసి, పొడి కలిపిన ప్లాస్టిక్‌తో గీసే నాసిరకపు గీతనే పనిముట్టుగా మార్చారు. రాగి రేణువులు కలిపిన పీఎల్‌ఏలో ఎక్కువ కరెంటు పంపితే అది వేడెక్కి, నిరోధం ఒక్కసారిగా ఎగబాకుతుంది. చల్లారితే మళ్లీ మామూలే. సిలికాన్ వంటి అర్ధవాహకం అవసరమే లేని ఈ స్విచ్‌లతో వాళ్లు లాజిక్ గేట్లు, అంటే అవును-కాదు లెక్కలు తేల్చే సర్క్యూట్లు, ప్రింట్ చేశారు. వేగంలో సిలికాన్ దరిదాపులకు కూడా రావు గానీ, మోటారు వేగాన్ని అదుపు చేయడం వంటి పనులకు చాలు.