సరఫరా గొలుసులో వెట్టిచాకిరి: కంపెనీల అపోహలు, వాస్తవాలు

కంపెనీలకు సరుకు సరఫరా చేసేవారి దగ్గర కార్మికులు ఏ పరిస్థితుల్లో పనిచేస్తున్నారో పరిశీలించి నివేదిక ఇవ్వడం నా వృత్తి. నిర్మాణ సంస్థలైనా, విత్తన కంపెనీలైనా, ఎగుమతిదారులైనా వారి పర్చేజ్, హెచ్‌ఆర్ విభాగాల్లో నేను వినే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎవరూ దురుద్దేశంతో అనరు గానీ, ఆ మాటలను నమ్మినంత కాలం వెట్టి కళ్లెదుటే ఉన్నా కనిపించదు.

అపోహ: "సంకెళ్లు లేవు, కాపలా లేదు, కూలి ఇస్తున్నాం. ఇందులో బానిసత్వం ఎక్కడుంది?"

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లోనే దీనికి నిర్వచనం ఇచ్చింది. ఏదో ఒక శిక్షకు భయపడి, తాను మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా మనిషి చేసే పని నిర్బంధ శ్రమే. ఆ ఒప్పందాన్ని భారతదేశం 1954లో ఆమోదించింది. 2021 నాటికి ప్రపంచంలో 2.76 కోట్ల మంది నిర్బంధ శ్రమలో ఉన్నారని ఆ సంస్థ అంచనా. లైంగిక దోపిడీని పక్కన పెట్టినా, వారిలో 1.73 కోట్ల మంది ప్రైవేటు రంగంలో ఉన్నవారే.

మన సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, 1982లో జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు ప్రకారం కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ శ్రమ కిందికే వస్తుంది. ఆకలి, పేదరికం మనిషిని గత్యంతరం లేక పనికి ఒప్పుకునేలా చేస్తే, అది కూడా బలవంతమేనని కోర్టు స్పష్టం చేసింది.

అపోహ: "అడ్వాన్సు వాళ్లే అడిగి తీసుకున్నారు, ఇష్టపడే వచ్చారు."

నేను అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట ఇదే, అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేదీ ఇదే. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా వరికోతలయ్యాక కుటుంబాలకు కుటుంబాలే కాంటాబాంజి స్టేషన్‌లో రైలెక్కి తెలంగాణ, ఆంధ్ర, తమిళనాడు ఇటుక బట్టీలకు వస్తాయి. సర్దార్ అని పిలిచే దళారి ఊళ్లో ముందుగానే డబ్బు ఇస్తాడు. ఆ డబ్బు పెళ్లికో, వైద్యానికో, పాత అప్పుకో అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. బట్టీలో భార్యాభర్తలు, చాలాసార్లు వారితోపాటు ఒక పిల్లవాడు, కలిసి ఒక జట్టుగా ఇటుకలు కోస్తారు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. సీజన్ ముగిసేదాకా చేతికి వచ్చేది వారం వారం తిండి ఖర్చులు మాత్రమే, అసలు లెక్క వేసవి చివర్లో తేలుతుంది.

ఒక బట్టీ దగ్గర ఆ లెక్కల పుస్తకం తెరిచి చూశాను. కుటుంబానికి ఒక పేజీ. పైన అడ్వాన్సు మొత్తం, దాని కింద వారాల వారీగా తిండి డబ్బు, రైలు టికెట్లు, ఒక జ్వరం మందుల ఖర్చు ఉన్నాయి. వెయ్యి ఇటుకలకు రేటు ఎంతో ఆ పేజీలో ఎక్కడా లేదు. పేజీలో పేరున్న మనిషిని అడిగితే, రేటు సర్దార్‌కే తెలుసన్నాడు. ఎంత పని చేస్తే అప్పు తీరుతుందో తెలియని మనిషి మధ్యలో వెళ్లిపోగలడా? తలుపుకు తాళం వేయనవసరమే లేదు.

అడ్వాన్సు తీసుకున్నందుకు ప్రతిగా మరోచోట పని చూసుకునే స్వేచ్ఛనో, ఇష్టం వచ్చిన చోటికి వెళ్లే స్వేచ్ఛనో, కనీస వేతనాన్నో కోల్పోతే అది వెట్టిచాకిరి అని 1976 నాటి వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం చెబుతోంది. అలాంటి అప్పు ఆ చట్టంతోనే రద్దయిపోతుంది. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన భారం అప్పు ఇచ్చినవాడిదే. ఇది ఒడిశా వారికే పరిమితం అనుకోకూడదు. గుంపు మేస్త్రీల చేతుల మీదుగా అడ్వాన్సు తీసుకుని దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల కథలోనూ ఇదే లెక్క నడిచింది.

అంటే అడ్వాన్సే ఇవ్వకూడదా అని కొందరు అడుగుతారు. ఇవ్వవచ్చు. వడ్డీ లేకుండా, రాతపూర్వకంగా, కార్మికుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వారం వారం కూలి పూర్తిగా కట్టి, అందులోంచి కొద్ది భాగమే మినహాయించాలి. మానేసి వెళ్తానన్నవారిని ఆపకూడదు.

అపోహ: "వాళ్లు మా పేరోల్‌లో లేరు, కాంట్రాక్టర్ మనుషులు."

ఆసియా క్రీడల కేసులో ప్రభుత్వ సంస్థలు చేసిన వాదన కూడా ఇదే, కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే, అతనికి పని అప్పగించిన అసలు యజమానే చెల్లించాలన్న నియమం 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంతోనే వచ్చింది. అయితే బాధ్యత చట్టంతోనే ఆగిపోదని నా అభిప్రాయం. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి చూడండి. కంపెనీ సీడ్ ఆర్గనైజర్ అనే మధ్యవర్తితో, అతను రైతుతో ఒప్పందం చేసుకుంటారు. పరపరాగ సంపర్కం పూవు పూవుకూ చేత్తో చేయాల్సిన పని కాబట్టి, కంపెనీ ఇచ్చే ధరలో పెద్దల కూలి గిట్టుబాటు కాని రైతు, తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి ఆడపిల్లలను పనిలో పెట్టుకున్న ఉదంతాలు ఏళ్ల తరబడి వెలుగులోకి వచ్చాయి. ఆ పిల్లల పేర్లు కంపెనీ కాగితాల్లో ఎక్కడా ఉండవు, కానీ ఆ ధర నిర్ణయించింది కంపెనీయే. కొనుగోలు ధరలో కనీస వేతనం ఇమడదని తెలిసీ సరఫరాదారు చేత వెట్టి ఉండకూడదన్న నియమావళి మీద సంతకం పెట్టించుకోవడం నిజాయతీ అనిపించుకోదు.

అపోహ: "ఆడిట్ పాసైంది కదా."

ఆడిట్ అంటే సరఫరాదారు ఆవరణలో జరిపే తనిఖీ. అది వేతనాల రిజిస్టరు చూస్తుంది, అగ్నిమాపక పరికరాలు చూస్తుంది. అప్పు ఆ ఆవరణలో పుట్టదు, నియామకం జరిగిన ఊళ్లో పుడుతుంది. అందుకే నేను రిజిస్టరు కన్నా ముందు, సూపర్‌వైజర్ లేని చోట, కార్మికుడి సొంత భాష తెలిసినవారి ద్వారా మూడు ప్రశ్నలు వేయిస్తాను. ఇక్కడికి రావడానికి ఎవరికి ఎంత ఇచ్చారు, లేదా ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారు? మీ గుర్తింపు కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి? రేపు వెళ్లిపోతానంటే ఏమవుతుంది?

నిజామాబాద్, జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్లిన కుటుంబాలకు ఈ ప్రశ్నల విలువ వేరే చెప్పనక్కరలేదు. నమోదిత ఏజెంటు కార్మికుడి దగ్గర గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలన్నది నిబంధన. అంతకు ఎన్నో రెట్లు వీసాకు కట్టి, ఊళ్లో వడ్డీ పెరుగుతుంటే, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే, ఆ మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని దగ్గర ఉంచుకునే హక్కు ఏ యజమానికీ లేదు. నియామక ఖర్చు యజమానే భరించాలన్న సూత్రాన్ని కంపెనీ ఒప్పందాల్లో రాసి, ఇప్పటికే కట్టినవారికి తిరిగి ఇప్పించడం ఆడిట్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

అపోహ: "సరఫరా గొలుసులో వెట్టిని అడ్డుకునే చట్టాలు విదేశీ బహుళజాతి కంపెనీలకే."

బ్రిటన్ 2015 ఆధునిక బానిసత్వ చట్టం 3.6 కోట్ల పౌండ్లు, ఆ పైన టర్నోవర్ ఉన్న సంస్థలు తమ సరఫరా గొలుసులో బానిసత్వంపై ఏం చేస్తున్నాయో ఏటా ప్రకటన ఇవ్వాలంటుంది. వారు అడిగే సమాధానాలు చివరికి ఇక్కడి సరఫరాదారే ఇవ్వాలి. నిర్బంధ శ్రమతో తయారైన సరుకును అమెరికా 1930 టారిఫ్ చట్టం కిందే రేవులో ఆపేస్తుంది. అలాంటి సరుకుపై ఐరోపా సమాఖ్య నిషేధం 2027 డిసెంబరు నుంచి అమలవుతుంది.

అపోహ: "ఎవరి దగ్గరైనా వెట్టి బయటపడితే వెంటనే ఆ సరఫరాదారును తీసేస్తే సరి."

అలా చేస్తే కంపెనీ పేరు కాగితం మీద నిలుస్తుంది, కార్మికుడు మాత్రం బకాయి కూలి కోల్పోయి రోడ్డున పడతాడు. మొదట చూడాల్సింది వారి భద్రత, ఆ తర్వాత బకాయిలు, ఆపైన జిల్లా యంత్రాంగం. సరఫరాదారు సరిదిద్దుకోవడానికి ఒప్పుకోకపోతేనే ఒప్పందం రద్దు చేసుకోవాలి. ముఖ్యంగా జిల్లా కలెక్టర్ లేదా ఆర్డీవో ఇచ్చే విడుదల ధ్రువపత్రం వచ్చేలా చూడాలి. అప్పు రద్దయిందని చూపడానికీ, పునరావాస సాయానికీ కుటుంబం చేతిలో ఉండే ఆధారం అదే. ఆ పత్రం ఇప్పించకుండా వారిని హడావుడిగా రైలెక్కించి పంపేస్తే, వచ్చే సీజన్‌కు సర్దార్ అదే అప్పు చూపించి అదే కుటుంబాన్ని మరో బట్టీకి తీసుకెళ్తాడు.