పొరపాటున అతికిన ముక్క

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"లివర్ జబ్బు తెచ్చే వైరస్ క్యాన్సర్ ఎలా తెస్తుంది తాతయ్యా?" అని మొన్న అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం మీరు వినరు, సగం నేను మరిచిపోతాను. అందుకే ఈ ఉత్తరం.

మీరడిగిన వైరస్ పేరు హెపటైటిస్-బి. దాని డీఎన్ఏ, అంటే జన్యు సమాచారం రాసి ఉన్న పోగు, మొత్తం సుమారు 3,200 అక్షరాలు. ఈ ఉత్తరాన్ని మూడుసార్లు రాస్తే ఇంచుమించు అంత. మన డీఎన్ఏ ఒక్కో ప్రతిలో 300 కోట్ల అక్షరాలుంటాయి.

వైరస్ లివర్ కణంలోకి దూరాక దాని డీఎన్ఏ గుండ్రంగా చుట్టుకుని కేంద్రకంలో తిష్ఠ వేస్తుంది. కొత్త వైరస్‌లు పుట్టేది దాని నుంచే. మన డీఎన్ఏతో దానికి పనే లేదు. కానీ నకళ్లు తీసేటప్పుడు అప్పుడప్పుడు గుండ్రంగా రావలసింది తిన్నగా వస్తుంది. అదే సమయంలో మన డీఎన్ఏ ఎక్కడైనా తెగి ఉంటే, ఆ తెగినచోటును అతికే మన ప్రోటీన్లు ఈ ముక్కను కూడా కలిపి అతికేస్తాయి. హెచ్ఐవీ అయితే కావాలనే అతుక్కుంటుంది, దానికి అందుకు ప్రత్యేకమైన ఎంజైమ్ ఉంది. దీనిది ఉత్త పొరపాటు. అతికిన ముక్క నుంచి కొత్త వైరస్ పుట్టడం కూడా కుదరదు. నాకైతే ఇదే విచిత్రం: దానికి లాభం లేదు, నష్టం మాత్రం మనది.

చాలా చోట్ల అతికినా ఏమీ కాదు. కొన్నిసార్లు మాత్రం టెర్ట్ అనే జన్యువు పక్కన పడుతుంది. పెద్దయ్యాక లివర్ కణాల్లో ఆ జన్యువు దాదాపు నిద్రలోనే ఉంటుంది. వైరస్ ముక్కలోని స్విచ్ దాన్ని లేపేస్తే ఆ కణానికి ముసలితనం రాదు, విభజన ఆగదు. పైగా ఏళ్ల తరబడి వాపుతో కణాలు చస్తుంటే, ఖాళీ నింపడానికి మిగిలినవి చీలుతూనే ఉంటాయి. అతుకు కూడా వాటితోపాటే పిల్ల కణాలకు వెళ్తుంది. ఇంకో నాలుగు పొరపాట్లు తోడైతే గడ్డ. ఇదంతా దశాబ్దాల పని, రేపటికి టెన్షన్ పడకండి.

తైవాన్‌లో 22,707 మంది మగవాళ్లను గమనించిన పరిశోధకులు 1981లో, వైరస్ ఉన్నవాళ్లకు లివర్ క్యాన్సర్ ముప్పు 200 రెట్లకు పైగా ఉందని రాశారు. పుట్టినప్పుడే సోకితే దాదాపు 90 శాతం పిల్లల్లో వైరస్ ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే 5 శాతం లోపే. టీకా తొలి డోసు పుట్టిన 24 గంటల్లోపు వేసేది అందుకే. 1984లో తైవాన్ పసిపిల్లలకు టీకా మొదలుపెట్టాక అక్కడి పిల్లల్లో ఈ క్యాన్సర్ బాగా తగ్గింది.

మాత్రలు వైరస్‌ను అణచి ముప్పును తగ్గిస్తాయి గానీ, అతికిన ముక్కను పీకేయలేవు. అందుకే ముప్పు ఎక్కువున్నవాళ్లను ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోమంటారు.

టీకాలో కూడా ఆ డీఎన్ఏ ఉంటుందా అని చిన్నోడు అడుగుతాడని తెలుసు. ఉండదురా, వైరస్ పైతొడుగు ప్రోటీన్ మాత్రమే.

మీ తాతయ్య