విత్తనాలు వండుకుతిన్న ఏళ్లు: అమెరికా డేటా సెంటర్లకు ఎలక్ట్రీషియన్లు ఎందుకు చాలడం లేదు?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఆ వెంటనే అమెరికాలో డేటా సెంటర్ల కోసం స్థలాల వేట ఊపందుకుంది. సరిగ్గా ఆ నెలలో ఎలక్ట్రికల్ అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడికి శిక్షణ పూర్తయ్యేది 2027 చివర్లో. భవనం రెండేళ్లలోపే లేచి నిలబడగలదు. అందులో కరెంటు పని చేసేవాడు తయారవడానికి అయిదేళ్లు పడుతుంది. అయితే ఈ కొరత వేళ్లు చాట్‌జీపీటీకి చాలా ముందే, 2008 మాంద్యం దగ్గరే ఉన్నాయి.

ఎలక్ట్రికల్ కార్మికుల సంఘం ఐబీఈడబ్ల్యూ 1891లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది. కాంట్రాక్టర్ల సంఘం నెకా 1901లో వచ్చింది. అప్రెంటిస్‌షిప్‌కు ప్రమాణాలు నిర్ణయించే పనిని 1937 నాటి ఫిట్జ్‌గెరాల్డ్ చట్టం కేంద్ర కార్మిక శాఖకు అప్పగించింది. ఈ రెండు సంఘాలూ కలిసి నడిపే ‘ఇన్‌సైడ్ వైర్‌మన్’ (భవనాల్లో కరెంటు పని చేసేవాడు) శిక్షణలో 8,000 గంటల సైటు పని, సుమారు 900 గంటల క్లాసు ఉంటాయి. అది ముగించినవాడు జర్నీమన్, అంటే పూర్తి స్థాయి ఎలక్ట్రీషియన్. మొదటి రోజు నుంచే జీతం వస్తుంది. జర్నీమన్ కూలిలో సగానికి కాస్త అటూ ఇటూగా మొదలై, దశలవారీగా పెరుగుతుంది. మంచి ఏర్పాటే, కానీ ఇందులో సీటు కాలేజీది కాదు, కాంట్రాక్టరు చేతిలో ఉన్న పనిది. పని లేకపోతే సీటూ లేదు.

ఇళ్ల మార్కెట్ కూలినప్పుడు జరిగింది అదే. 2006లో 77 లక్షలున్న నిర్మాణ ఉద్యోగాలు 2011 మొదలయ్యేసరికి 54 లక్షలకు పడిపోయాయి. జర్నీమన్లే యూనియన్ హాల్లో పేరు రాయించుకుని పిలుపు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో కొత్తవాళ్లను తీసుకునేదెవరు? విత్తనాలు వండుకుతిన్న ఏళ్లవి. 2010లో చేరాల్సినవాడు ఈపాటికి పదిహేనేళ్ల అనుభవంతో ఫోర్‌మన్ అయి, డ్రాయింగ్ చూసి పదిపదిహేను మందికి పని పంచుతూ ఉండాలి. సైట్లలో ఇవాళ అందరికన్నా కష్టంగా దొరికేది అతనే. అప్పటికే హైస్కూళ్లు ‘అందరూ కాలేజీకే’ అన్న దారి పట్టి, వర్క్‌షాపు క్లాసులను తగ్గించుకుంటూ వచ్చాయి. మరోవైపు పాత తరం రిటైరవుతోంది. ఎలక్ట్రీషియన్లకు ఏటా సగటున 80 వేల ఖాళీలు వస్తాయని కార్మిక గణాంకాల సంస్థ అంచనా. వాటిలో అత్యధికం వెళ్లిపోయినవాళ్ల స్థానాలే.

మరి అంతకుముందు డేటా సెంటర్లు ఎలా కట్టారు? 1992లో ఉత్తర వర్జీనియాలో మే-ఈస్ట్ అనే ఇంటర్నెట్ కూడలి ఏర్పడింది. ఆ కూడలి ఫైబర్ కేబుళ్లను ఆనుకుని లౌడన్ కౌంటీలోని ఆష్‌బర్న్ చుట్టూ డేటా సెంటర్లు పేరుకున్నాయి. వాషింగ్టన్ ప్రాంతంలోని ఐబీఈడబ్ల్యూ స్థానిక శాఖ లోకల్ 26 వంటి చోట్ల ఈ పని తెలిసిన బృందాలు ఏళ్ల తరబడి నెమ్మదిగా తయారయ్యాయి. అప్పట్లో ర్యాక్‌కు, అంటే సర్వర్లు పేర్చే బీరువాకు, నాలుగైదు కిలోవాట్లు, మొత్తం భవనానికి కొన్ని మెగావాట్లు. ఇప్పుడు ఎన్విడియా ఏఐ చిప్‌లతో నిండిన జీబీ200 ఎన్‌వీఎల్72 ర్యాక్ ఒక్కటే 120 కిలోవాట్ల దాకా లాగుతుంది. టెక్సాస్‌లోని అబిలీన్ లాంటి చోట క్యాంపస్ మొత్తాన్ని గిగావాట్లలో లెక్కేస్తున్నారు. అబిలీన్‌లో పాతికేళ్లుగా తయారైన బృందాలు లేవు. పని ఉన్న చోటికల్లా వెళ్లే ట్రావెలర్లు బయటి ఊళ్ల నుంచి రావాల్సిందే.

పని పరిమాణం అర్థం కావాలంటే ఒక్క ఫీడర్, అంటే స్విచ్‌బోర్డుకు కరెంటు తెచ్చే ప్రధాన లైను, చాలు. 480 వోల్టుల దగ్గర 4,000 ఆంపియర్ల స్విచ్‌బోర్డుకు (ఇంటి గోడ మీది స్విచ్‌ల బోర్డు కాదు, కరెంటు పంచే పెద్ద ప్యానెల్) రాగి కేబుళ్లతో సప్లై ఇవ్వాలి. 500 కేసీమిల్, అంటే దాదాపు 253 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 75 డిగ్రీల సెల్సియస్ లెక్కన 380 ఆంపియర్లు మోస్తుంది. కాబట్టి ఫేజుకు 11 కేబుళ్లు సమాంతరంగా వేయాలి. మూడు ఫేజులు, న్యూట్రల్ కలిపి 44. దూరం 50 మీటర్లయితే 2,200 మీటర్ల కేబుల్, రాగి బరువే ఐదు టన్నులు. లగ్గులు, అంటే బోల్టుతో బిగించే లోహపు తొడుగులు, వేయాల్సిన కొసలు 88. ఒక ఫేజులోని 11 కేబుళ్లూ ఒకే పొడవు, ఒకే సైజు, ఒకే లోహం కావాలి, కొసల దగ్గరా ఒకే పద్ధతిలో బిగించాలి. పొట్టిగా కోసిన కేబుల్‌కు నిరోధం తక్కువ. అది తన వాటాకు మించి కరెంటు లాగి వేడెక్కుతుంది. కేబుల్ మిగిలిందనో, వంపు దగ్గర ఇరుకనో కొత్తవాడు రెండు మీటర్లు కోసేసే చోటు ఇదే.

తర్వాత బోల్టులు. తయారీదారు ఇచ్చిన టార్క్ విలువకు కాలిబ్రేట్ చేసిన పనిముట్టుతోనే బిగించాలని జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ 2017 ఎడిషన్ స్పష్టంగా చెప్పింది. బిగించాక బోల్టు మీద పెయింట్ గీత గీస్తారు. గీత ఉండి బిగువు లేని బోల్టు అసలు గీతే లేని బోల్టుకన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. పరీక్ష కోసం కరెంటు వాడే లోడ్ బ్యాంకులు పెట్టి పూర్తి కరెంటు పంపినప్పుడు థర్మల్ కెమెరాలో ఆ జాయింటు ఎర్రగా కనిపిస్తుంది. అప్పుడు సప్లై ఆపి, లాక్ వేసి, ప్యానెల్ విప్పాలి. ఆ లైను మీద ఆధారపడ్డ పరీక్షలన్నీ ఆగుతాయి.

13.8 కిలోవోల్టుల కేబుల్ కొసలు ఇంకా సున్నితం. పై సెమీకండక్టింగ్ పొరను ఒలిచేటప్పుడు కత్తి గాటు ఇన్సులేషన్ మీద పడితే, అక్కడ చిన్న చిన్న డిశ్చార్జులు మొదలై నెలల తర్వాత కేబుల్ కాలిపోవచ్చు. ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మెగ్గర్ పరీక్షకు ఆ గాటు చిక్కకపోవచ్చు. ఇళ్ల వైరింగ్‌లో ఆరితేరినవాడిని తెచ్చి వెంటనే ఈ పనిలో పెట్టలేరన్నది ఇందుకే. అతనికి చేతగాక కాదు, ఇది అతను చేసిన పని కాదు.

2022 తర్వాత ఇదే చేతుల కోసం చిప్ ఫ్యాక్టరీలూ పోటీకొచ్చాయి. అరిజోనాలో తొలి ఫ్యాక్టరీ ఉత్పత్తిని 2024 నుంచి 2025కు వాయిదా వేస్తూ, పరికరాలు అమర్చే నిపుణులు చాలడం లేదని తైవాన్ చిప్ కంపెనీ టీఎస్‌ఎంసీ 2023 జులైలో చెప్పింది. కాంట్రాక్టర్లు వారానికి అరవై గంటల పని, రోజువారీ బస ఖర్చులు ఆశ చూపి ఒకరి మనుషులను మరొకరు లాగుతున్నారు. దీంతో మనుషులు చోటు మారతారేగానీ పెరగరు. లైసెన్సుల గందరగోళం దానికి తోడు. దేశమంతటికీ చెల్లే లైసెన్సు లేదు. టెక్సాస్‌లో జర్నీమన్ లైసెన్సుకు 8,000 గంటల పని, దానికి పైస్థాయి అయిన మాస్టర్ లైసెన్సుకు 12,000 గంటలు కావాలి. ఇల్లినాయిస్, పెన్సిల్వేనియాలలో రాష్ట్ర స్థాయి లైసెన్సే లేదు, ఊరి నిబంధనలే.

స్విచ్‌గేర్ (కరెంటును కలిపే, ఆపే పరికరాలు), యూపీఎస్, ట్రాన్స్‌ఫార్మర్‌లను ఫ్యాక్టరీలోనే ఒకే చట్రం మీద బిగించి తేవడం కొంత ఊరట. అయినా ఆ చట్రాలను కలిపే కేబుళ్లు సైట్లోనే వేయాలి. అప్రెంటిస్‌లను ఒక్కసారిగా పెంచుదామన్నా కుదరదు. ఇంతమంది జర్నీమన్లకు ఇంతమందే అప్రెంటిస్‌లన్న పరిమితి ఉంటుంది, చాలాచోట్ల ఒకరికొకరు. నేర్పేవాళ్లే 2010 ప్రాంతంలో తయారు కాలేదు. పైగా కట్టేటప్పుడు వందలమంది కావాల్సిన డేటా సెంటర్‌కు, నడిచేటప్పుడు కొద్దిమంది ఎలక్ట్రీషియన్లు చాలు. ఈ ఊపు ఆగితే అయిదేళ్ల కోసం తీసుకున్న కుర్రాళ్లకు పనెక్కడ చూపించాలన్నది 2008ని చూసిన కాంట్రాక్టరు మొదటి ప్రశ్న.